పెళ్ళిదండల సంరక్షణాధికారి

పెదగరువు మునిసిపాలిటీలో జనన మరణ వివాహ విభాగం చూసే సీనియర్ అసిస్టెంటు రాఘవులుకి పూలు పడవు. మల్లెపూల బుట్ట పక్కనుంచి వెళితే ఏడు తుమ్ములు, చామంతి అయితే పదకొండు. బంధువుల పెళ్ళిళ్ళకు వెళ్ళినా పందిరి బయటే నిలబడి, గాలి వాలు చూసుకుని అక్షింతలు విసిరి, నేరుగా పంక్తిలో కూర్చునే మనిషి. అలాంటివాణ్ణి పూలకే అధికారిని చేశారంటే అందులో ఎవరి కుట్రా లేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

కమిషనర్ వినీల్ కుమార్ గారు పది రోజులు ఏదో శిక్షణకు వెళ్ళొచ్చారు. దేని గురించిన శిక్షణో ఆయన చెప్పలేదు, సిబ్బందీ అడగలేదు. అక్కడ పరిచయమైన ఒక అధికారి ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆ ఇంటి హాల్లో, టీవీ పక్కన, గాజుదిమ్మలాంటి దాంట్లో ఒక పూలదండ ఉంది. పన్నెండేళ్ళ కిందటి పెళ్ళిదండ. గులాబీ గులాబీలాగే ఉంది, సంపెంగ సంపెంగలాగే ఉంది. దాన్ని చూపిస్తూ ఆ ఇంటాయనా ఇంటావిడా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. పెళ్ళైన పన్నెండేళ్ళకు మొగుడూ పెళ్ళాలు అలా నవ్వుకోవడం కమిషనర్ గారు అంతకుముందెక్కడా చూడలేదు. దానికి కారణం ఆ దండేనని నిశ్చయించుకుని తిరుగు రైలెక్కారు.

సోమవారం సిబ్బంది సమావేశం.

"మనం పుట్టినవాళ్ళను రాసుకుంటున్నాం, పోయినవాళ్ళను రాసుకుంటున్నాం" అన్నారు కమిషనర్ గారు. "కానీ వివాహమనే మహత్తర ఘట్టానికి ప్రత్యక్ష సాక్షులైన పుష్పాలను మూడోనాడు చెత్తబండిలో పడేస్తున్నాం. ఇది సంస్కృతి పట్ల సంస్థాగత నిర్లక్ష్యం."

చెత్తబండ్లు తనవి కాబట్టి శానిటరీ ఇన్‌స్పెక్టరు తలవంచుకున్నాడు.

"ఈ బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించేదెవరు?"

కమిషనర్ గారికి స్వాగతం చెప్పడానికి బల్లమీద పెట్టిన పూలగుత్తిలో చామంతులున్నాయి. ఫ్యాను అప్పుడే అటువైపు నుంచి ఇటు తిరిగింది. రాఘవులు పదకొండు సార్లు తుమ్మి, ఎర్రబడిన కళ్ళు జేబురుమాలుతో ఒత్తుకున్నాడు.

"రాఘవులు గారు చలించిపోయారు" అన్నారు కమిషనర్ గారు, ఆయన కూడా కొంచెం చలించి.

సమావేశపు మినిట్స్‌లో "పుష్పముల పట్ల తక్షణ స్పందన గల ఉద్యోగిగా గుర్తించడమైనది" అని రాశారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పైవాళ్ళ మాటకు ఎదురు చెప్పి ఎరగని రాఘవులు ఆ కాగితం మీద 'చూశాను' అని సంతకం పెట్టాడు.

మర్నాటికల్లా ఆఫీసు గోడమీద నీలి అక్షరాలతో 'వాడని దండ – వీడని జంట' అని రాయించారు. దాని కింద సర్క్యులర్ అంటించారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వివాహ ధ్రువీకరణ పత్రము కోరు దంపతులు, వివాహ సమయమున పరస్పరము మార్చుకొనిన దండలు రెండింటిని కార్యాలయమునందు దాఖలు చేయవలెను. సదరు దండలను పురపాలక సంఘము శాశ్వతముగా సంరక్షించును. దండ లేని వివాహము ఆధారము లేని వివాహముగా పరిగణింపబడును."

శాశ్వతముగా ఎలా సంరక్షించాలో మాత్రం అందులో లేదు. గాజుదిమ్మల కోసం జిల్లాకు రాస్తే 'స్థానిక వనరులతో నిర్వహించుకొనగలరు' అని జవాబొచ్చింది. రాఘవులు స్థానిక వనరుల కోసం బజారంతా తిరిగి, చివరికి ఎండుచేపల కొట్టు మహాలక్ష్మి ముందు ఆగాడు.

"పూలు నిలవుండాలా? దానికంత ఆలోచన దేనికండీ" అంది మహాలక్ష్మి. "ఉప్పులో పొర్లించి, మూడు రోజులు ఎండలో పడేసి, మీద బరువెట్టండి. మా సావళ్ళ చేపలు ఏడాదుంటాయండి. పువ్వుకేం, దానికి ముల్లు కూడా లేదు."

అదే పద్ధతి ఖాయమైంది. మేడమీద చాపలు పరిచి ఉప్పు పట్టించిన దండలు ఎండబెట్టేవారు. ఆ తర్వాత రికార్డు రూములో మరణాల రిజిస్టర్ల కింద పెట్టేవారు. జననాల రిజిస్టర్లు కూడా బరువైనవే గానీ వాటికోసం జనం రోజూ వస్తారు. పోయినవాళ్ళ వివరాలకు అంత తొందర ఉండదు. నాలుగు నెలల్లో ఎనభై ఆరు జంటల పెళ్ళిదండలు ఆ గదిలో చేరాయి. రాఘవులు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వాటి మధ్య పనిచేసేవాడు. ఇంటికి వెళ్ళాక కూడా గంటసేపు తుమ్ములు ఆగేవి కావు.

భద్రపరచడంతో ఆగితే అది పథకమే కాదు. ప్రతి నెలా తనిఖీ ఉండాలన్నారు కమిషనర్ గారు. దండలను తాజా, మధ్యస్థం, వాడినది అని మూడు తరగతులు చేశారు. వాడిన దండ తాలూకు దంపతులకు నోటీసు వెళ్ళాలి: "మీ దండయందు క్షీణత గమనించడమైనది. దాంపత్యమునందలి లోపములకు ఏడు దినములలో సంజాయిషీ సమర్పించగలరు."

మొదటి నోటీసు అందుకున్నది బ్రెడ్డు దుకాణం సన్యాసిరావు, అతని భార్య. నిజానికి ఊళ్ళో అంత సఖ్యంగా ఉండే జంట ఇంకోటి లేదు. దోషం వాళ్ళ దండలోని కనకాంబరాలది. అవి ఉప్పుకి ఓర్చుకోలేవు. నోటీసు చదివి సన్యాసిరావు భార్య వైపు అనుమానంగా చూశాడు. నువ్వు ఆఫీసులో ఏం చెప్పొచ్చావని ఆమె అతన్నడిగింది. ఏడో రోజుకి సంజాయిషీ ఇవ్వడానికి ఇద్దరూ వేరువేరుగా వచ్చారు.

అలాగే, చెక్కు చెదరని దండ తాలూకు జంటకు 'ఆదర్శ దంపతులు' అని శాలువా కప్పారు. ఆ జంట కలప అడితి తాతారావు, అతని భార్య వరహాలమ్మ. వాళ్ళింట్లో గిన్నెలు గాల్లోనే ఎక్కువసేపు ఉంటాయని వీధి వీధంతా చెబుతుంది. కక్కుర్తిపడి తాతారావు పెళ్ళికి సగం ప్లాస్టిక్ పూల దండలు తెచ్చాడు. సభలో శాలువా ఎవరి భుజం మీద ఉండాలన్న దానిమీద వాళ్ళిద్దరికీ మాటామాటా పెరిగి, మైకు ఆపేయాల్సొచ్చింది. నివేదికలో మాత్రం పథకం సత్ఫలితాలనిస్తున్నదనే రాశారు. రాసింది రాఘవులే.

ఆ రాత ఆరక ముందే కరెంటాఫీసు లైన్‌మన్ అబ్బులు, అతని భార్య నూకరత్నం వచ్చారు. నూకరత్నం పాడేరు అవతల, కొండల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఐదో నెల. మొగుడు ఇక్కడ, ఆవిడ అక్కడ. మధ్య మూడు బస్సులు మారాలి. భార్యాభర్తలను ఒకే ఊళ్ళో వేసే బదిలీల కౌన్సెలింగు వచ్చే గురువారం ఉంది. దానికి పెళ్ళి ధ్రువపత్రం కావాలి.

"దండలు తెచ్చారా అమ్మా?" అన్నాడు రాఘవులు.

నూకరత్నం మొగుడి వైపు చూసింది. అబ్బులు గోడమీది నినాదం వైపు చూశాడు.

"దూడ తినేసిందండీ" అన్నాడు.

"ఏ దూడ?"

"మా మావయ్య గారిదండి. చుక్క అని, పెయ్యదూడ. పెళ్ళిరోజు భోజనాలకి లేస్తా దండలు తీసి పందిరి రాటకి తగిలిచ్చామండి. పప్పు వడ్డించేసరికి ఒకటి, పెరుగు వడ్డించేసరికి రెండోదీ అయిపోయాయండి. ఇలాంటి రూలొస్తుందని మాకప్పుడు తెలీదు కదండీ. అప్పుడు నవ్వుకున్నాం కూడాను."

నూకరత్నం బెంచీ మీద కూర్చుంది. ఆమె పాదాలు ఉబ్బి చెప్పుల్లోంచి పొర్లుతున్నాయి. "పెళ్ళి ఫొటోలున్నాయండి. పురోహితుడు గారు వస్తానన్నారు. వెయ్యిమంది భోంచేశారండి."

రాఘవులు ఆ మాటలన్నీ ఒక కాగితం మీద పెట్టి కమిషనర్ గారి దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన చదివి కళ్ళజోడు తీశారు.

"వెయ్యిమందీ భోజనానికి సాక్షులు, రాఘవులు గారూ. వివాహానికి సాక్షి దండ మాత్రమే. అది దూడలో ఉందంటున్నారు కనుక న్యాయసలహా తీసుకుందాం."

మునిసిపాలిటీ న్యాయసలహాదారు ప్లీడరు అవధానులు గారు మూడు పేజీల అభిప్రాయం పంపారు. దాని సారాంశం: "పదార్థము నశించదు, రూపము మాత్రమే మార్చుకొనును. భక్షణానంతరము సదరు దండలు దూడ యొక్క రక్తమాంసములుగా పరిణమించినవి. కావున సదరు దూడయే సదరు దండ. దూడను దాఖలు చేసినచో దండను దాఖలు చేసినట్లే."

అబ్బులికి చట్టం అర్థం కాలేదు గానీ చెయ్యాల్సిన పని అర్థమైంది. శుక్రవారం మధ్యాహ్నం మామగారి ఊరినుంచి చుక్కను ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. నుదుట తెల్ల మచ్చ, పెద్ద కళ్ళు, ఎవరినైనా నాకి చూసే అలవాటు. రాఘవులు దానికి రసీదిచ్చాడు. దండలన్నీ రికార్డు రూములోనే ఉండాలని నిబంధన కనక దాన్నీ అక్కడే ఉంచాలి. అటెండరు దాలయ్య దాని చెవికి '87' అని చీటీ కట్టి, ఇనప బీరువా కాలికి తాడు కట్టాడు.

"మేత సంగతేంటండీ?" అన్నాడు దాలయ్య.

రాఘవులు వెళ్ళి కమిషనర్ గారిని అడిగాడు.

"మేత విషయంలో తొందరపడకూడదు" అన్నారాయన. "పరాయి పదార్థం లోపలికి వెళితే మూలదండ స్వచ్ఛత దెబ్బతింటుంది. ఫైలు పెట్టండి. మంగళవారం చూస్తాను. నీళ్ళకు అభ్యంతరం లేదు."

"సర్టిఫికెట్ ఇచ్చెయ్యమంటారాండి?"

"దాఖలు వేరు, సంరక్షణ వేరు. మూడు తనిఖీల్లో దూడ క్షీణించలేదని తేలాక ఇవ్వొచ్చు."

మూడు తనిఖీలంటే మూడు నెలలు. రాఘవులు బయటికొచ్చి ఆ మాట అబ్బులికీ, అతనితో వచ్చి బెంచీ మీద కూర్చున్న నూకరత్నానికీ చెప్పాడు. నూకరత్నం మొగుడి భుజం పట్టుకుని లేచి, మెట్లు ఒక్కొక్కటే దిగింది. ఆవిడ ఏడ్చినా, తిట్టినా బావుండుననుకున్నాడు రాఘవులు. రెండో శనివారం, ఆదివారం, సోమవారం ఏదో పండగ సెలవు. దాలయ్య రెండు బకెట్ల నీళ్ళు పెట్టి గదికి తాళం వేశాడు.

ఇంట్లో రాఘవులు అన్నం ముందు కూర్చున్నాడు. ఎవరికీ అన్యాయం చెయ్యలేదని మనసుకి చెప్పుకుంటున్నాడు. అన్నీ ఫైల్లో ఉన్నాయి. భార్య సత్యవేణికి సంగతంతా చెప్పాడు. ఆవిడ మజ్జిగ పోస్తూ విని, "మన పెళ్ళిదండలేమయ్యాయో గుర్తుందా మీకు?" అంది.

"లేదు."

"నాకూ లేదు. అయినా పాతికేళ్ళబట్టీ వండి పెడుతూనే ఉన్నాను. మీరు తింటూనే ఉన్నారు." మజ్జిగ గిన్నె కింద పెట్టి మళ్ళీ అంది: "ఆ పిల్ల అన్ని మెట్లెక్కి వస్తే ఆ గదిలో ఒక్కళ్ళకీ నోరు రాలేదాండీ?"

రాఘవులు మజ్జిగన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

మంగళవారం పొద్దున్న రికార్డు రూము తాళం తియ్యగానే రాఘవులుకి మొట్టమొదట తెలిసింది తన ముక్కు సంగతి. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ గదిలో అతనికి తుమ్ము రాలేదు. తడిగుడ్డ తీశాడు. గాలి హాయిగా లోపలికి వెళ్ళింది. అప్పుడు కిందికి చూశాడు.

మరణాల రిజిస్టర్లు నేలమీద చెల్లాచెదురుగా పడున్నాయి. వాటి కింద ఏమీ లేదు. అరల్లో ఏమీ లేదు. మధ్యలో చుక్క తెగిన తాడుతో పడుకుని నెమరేస్తోంది. పొట్ట ఢంకాలా ఉంది. నోటి పక్కనుంచి బంగారు రంగు జరీ పోగొకటి వేలాడుతోంది. మూల ఒకచోట తాతారావు ప్లాస్టిక్ పూలు మాత్రం విడిగా ఊసేసి ఉన్నాయి.

"ఉప్పు కదండీ" అన్నాడు దాలయ్య వెనకనుంచి, దూడ తరఫున చెబుతున్నట్టు. "మూడ్రోజులు పస్తు. పైగా ఉప్పు. మనిషైనా ఆగడండి."

పది గంటలకల్లా ఊరంతా తెలిసింది. ఎనభై ఆరు పెళ్ళిళ్ళకు ఆధారం పోయిందన్న వార్తతో జనం ఆఫీసు ముందు చేరారు. కొత్త పెళ్ళికూతుళ్ళు ఏడుస్తున్నారు. వియ్యంకులు వియ్యంకుల్ని వెతుక్కుంటున్నారు. అందరికన్నా ముందు వచ్చినవాడు తాతారావు.

"అయితే మాకు పెళ్ళి అవనట్టేనాండీ?" అన్నాడు రాఘవులు బల్లమీదకి వంగి. ఆ గొంతులో ఆత్రం చూస్తే అది ఫిర్యాదులా వినిపించలేదు.

"ఆ పెళ్ళి రద్దు కాగితమేదో ఇలా ఇవ్వండి బాబూ" అంది వెనకే వచ్చిన వరహాలమ్మ. "ఈయన సంతకం పెట్టేలోగా నేను పెడతాను."

బెంచీ చివర నూకరత్నం, అబ్బులు కూర్చునున్నారు. మూడు తనిఖీలూ ఒకే రోజు చెయ్యమని బతిమాలుకుందామని వచ్చారు. ఇప్పుడిక ఎవరిని అడగాలో తెలియక, జనం మధ్య అలాగే ఉండిపోయారు.

లోపల కమిషనర్ గారి మొహం తెల్లకాగితంలా ఉంది. శుక్రవారం ఈ పథకాన్ని చూడ్డానికి పైనుంచి పరిశీలక బృందం వస్తోంది. అవధానులు గారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నారు. పశువుల డాక్టరు మస్తాన్ వలీ అప్పుడే దూడను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"దూడకేం ఫర్లేదు సార్. పొట్ట బిగిసింది, అంతే. దారాలూ జరీ ఉన్నాయి కదా, ఓ సీసా ఆముదం పట్టిస్తే సాయంత్రానికి అంతా బయటికొచ్చేస్తుంది."

"ఎనభై ఆరు వివాహాలు" అన్నారు కమిషనర్ గారు ఆ మాట వినకుండానే. "రద్దు. నా హయాంలో. రాఘవులు గారూ, ఆ గది తాళం మీది. మిమ్మల్ని సస్పెండు చెయ్యడం మినహా నాకు మరో మార్గం కనిపించడం లేదు."

రాఘవులు అలవాటుగా 'సరేనండి' అనబోయాడు. కిటికీలోంచి బెంచీ చివర ఆ ఉబ్బిన పాదాలు కనిపించాయి. చేతిలో 87వ నంబరు ఫైలుంది. దాన్ని తెరిచి, అవధానులు గారి మూడు పేజీలు పైకి తీశాడు. తర్వాత జరిగింది తలచుకుంటే అతనికే ఆశ్చర్యం వేసేది: తన నోటినుంచి కమిషనర్ గారి భాష వచ్చింది.

"మనవి చేయునదేమనగా సర్, దండలు పోలేదండి. నిల్వస్థానం మాత్రమే మారినది."

కమిషనర్ గారు తలెత్తారు.

"ఇది మన న్యాయసలహాదారు గారి అభిప్రాయమేనండి. దూడ భక్షించిన దండ దూడగా పరిణమించును, దూడయే దండ. రెండు దండలకు చెల్లిన న్యాయం నూటడెబ్బై రెండు దండలకు చెల్లకపోదు కదండీ. ఎనభై ఆరు జంటల దండలూ ప్రస్తుతం ఏకస్థానమందు, వర్షమునకు తడవక, పురుగు పట్టక ఉన్నవండి. అయితే ఆముదం పట్టిస్తే మాత్రం..."

"ఆముదం వద్దు" అన్నారు కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి.

అవధానులు గారు కళ్ళు తెరిచారు. తన అభిప్రాయాన్ని మరొకరు ఉదహరిస్తే ఆయనకు ఎప్పుడూ కొత్త బలం వస్తుంది. "అక్షరాలా సత్యం" అన్నారు. "నేను ఆనాడే సూచనప్రాయంగా చెప్పాను."

"మరి సార్, ఆరు నెలల కిందట తిన్నది..." అని డాక్టరు మస్తాన్ వలీ ఏదో అనబోయాడు.

"మీ అభిప్రాయం వైద్యపరమైనది, డాక్టర్ గారూ. ఇది పరిపాలనాపరమైన జీర్ణక్రియ" అన్నారు కమిషనర్ గారు. ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అన్ని జంటలకూ దూడ ఆధారంగా ధ్రువీకరణ పత్రాలు మళ్ళీ జారీ చెయ్యండి. ఇవాళే."

రాఘవులు కదల్లేదు.

"ఒక చిక్కుందండి. దూడలో ఉన్న దండ చెల్లుతుందని మనం ఇంతవరకు ఒక్క పత్రం కూడా ఇవ్వలేదు. ముందు ఒకటి ఇచ్చి ఉంటే, దాన్ని చూపించి మిగతావి ఇవ్వొచ్చు. ఏ పూర్వోదాహరణా లేకుండా ఒకేసారి ఎనభై ఆరు ఇస్తే, శుక్రవారం వచ్చే బృందం దేని ఆధారంగా ఇచ్చారని అడుగుతుందండి."

"అయితే ముందు ఒకటి ఇవ్వండి."

"దూడలోకి మొదట చేరినవి అబ్బులు, నూకరత్నం గార్ల దండలండి. కాని వారికి మూడు తనిఖీలు కావాలని తమరు సెలవిచ్చారు. అవి పూర్తయ్యేదాకా ఈ ఎనభై ఆరు కూడా..."

బయట వరహాలమ్మ గొంతు, ఆ వెనక ఏదో పగిలిన చప్పుడు వినిపించాయి.

"శని, ఆది, సోమవారాల్లో దూడ క్షీణించిందా?" అన్నారు కమిషనర్ గారు డాక్టర్ని.

"రెండింతలైంది సార్" అన్నాడు మస్తాన్ వలీ నిజాయితీగా.

"మూడు రోజులు, మూడు తనిఖీలు. వృద్ధి గమనించడమైనది. రాయండి."

పదిహేను నిమిషాల్లో రాఘవులు ఆ పత్రం రాసి, సంతకం పెట్టించి, ముద్ర వేయించాడు. 'సదరు దంపతుల దండలు కార్యాలయపు దూడయందు భద్రముగా నున్నవని ధ్రువీకరించడమైనది' అని ఉంది అందులో. నూకరత్నం దాన్ని రెండు సార్లు చదివి, మెల్లిగా అడిగింది:

"కౌన్సెలింగులో ఇది చూసి నవ్వరాండీ?"

"కింద ముద్రుందమ్మా" అన్నాడు రాఘవులు. "ముద్రున్న కాగితం ఎవరూ చదవరు."

ఎవరూ చదవలేదు. గురువారం సాయంత్రం అబ్బులు ఫోన్ చేశాడు. పెదగరువు ఆసుపత్రిలోనే ఖాళీ దొరికిందని చెప్పి, "ఉంటానండీ" అని పెట్టేశాడు.

శుక్రవారం బృందం వచ్చింది. వాళ్ళు చాలా ఊళ్ళలో చాలా పథకాలు చూశారు గానీ, కదిలే రికార్డు ఎక్కడా చూడలేదు. 'సజీవ సంరక్షణ' అని దానికి పేరు పెట్టారు. గాజుదిమ్మలో దండ ఉన్నచోటే ఉంటుంది, ఇది పెరుగుతుంది కూడానని నివేదికలో ప్రశంసించారు. దూడ తాలూకు పేడ సంగతి ఏమిటని బృందంలో ఒకాయన అడిగారు. అవధానులు గారు అనుబంధ అభిప్రాయం రాశారు: అది కూడా దండయే, మూడవ రూపము. ఆ ప్రకారం ఆ నెలలో వేసిన పిడకలను చట్రాల్లో బిగించి, ఎనభై ఆరు జంటలకూ శాశ్వత జ్ఞాపికలుగా పంచారు. కొన్నింటిలో గులాబీ రేకులు కూడా కనిపించేవి. సన్యాసిరావు దంపతులు తమది బ్రెడ్డు దుకాణంలో గోడకి తగిలించుకుని, దాన్ని చూసినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. కమిషనర్ గారు ఊహించిన ఫలితం అక్షరాలా అదే. ఆయనకు పదోన్నతి వచ్చింది.

చుక్క ఇక ప్రభుత్వ రికార్డు కనక అబ్బులు మామగారికి తిరిగివ్వడం కుదరలేదు. ఆఫీసు వెనక పాక వేశారు. మేత ఫైలు అవసరం రాలేదు. తమ దాంపత్యం దాని ఆరోగ్యం మీద ఆధారపడి ఉందని తెలిశాక పెళ్ళైనవాళ్ళు రోజూ తవుడూ పచ్చగడ్డీ తెచ్చేవారు. అబ్బులు మామగారూ వారానికోసారి వచ్చి దాని మెడ నిమిరి వెళ్ళేవాడు. దూడ నిగనిగలాడుతోంది కనక తనిఖీలో అందరి దండలూ ఒకేసారి 'తాజా' తరగతిలోకి వచ్చాయి. నోటీసులు ఆగిపోయాయి. నోటీసులు ఆగాక ఊళ్ళో తగువులు మామూలు స్థాయికి దిగాయి.

ఐదు నెలలు గడిచాయి. ఒక సోమవారం అబ్బులు, నూకరత్నం మళ్ళీ ఆ మెట్లెక్కి వచ్చారు. ఈసారి నూకరత్నం చేతుల్లో పన్నెండు రోజుల ఆడపిల్ల ఉంది. తెల్ల గుడ్డలో చుట్టి ఉంది, గాఢనిద్రలో ఉంది.

"పాప పుట్టిన కాగితం కావాలండీ" అన్నాడు అబ్బులు.

రాఘవులు జననాల రిజిస్టరు తీస్తుంటే దాలయ్య వచ్చి ఒక సర్క్యులర్ బల్లమీద పెట్టాడు. ఇంకా సిరా తడి ఆరలేదు. కొత్త కమిషనర్ గారు వారం కిందటే చేరారు. ఆయన కూడా ఏదో శిక్షణకు వెళ్ళొచ్చినవారే.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నేటి నుండి జనన ధ్రువీకరణ పత్రము కోరు తల్లిదండ్రులు శిశువు యొక్క తొలి ఏడుపును కార్యాలయమునందు దాఖలు చేయవలెను. సదరు ఏడుపును పురపాలక సంఘము శాశ్వతముగా సంరక్షించును. ఏడుపు లేని జననము..."

రాఘవులు అక్కడితో చదవడం ఆపాడు. పాప నిద్రలో మూతి ముడిచి, మళ్ళీ విప్పింది. అతను సర్క్యులర్‌ను నాలుగు మడతలు పెట్టి రిజిస్టరు అట్టకింద తోశాడు. కలం తీశాడు.

"పేరేం పెట్టారమ్మా?"

"ఇంకా అనుకోలేదండి. మీరే ఏదన్నా చెప్పండి" అంది నూకరత్నం.

"పేరు తర్వాత రాసుకోవచ్చు. తొందరేం లేదు."

అతను తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ గుండ్రటి అక్షరాలతో నింపాడు. సంతకం చేసి, నమోదు తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందురోజు తేదీ వేశాడు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో అతను ఒక తేదీ తప్పు రాయడం అదే మొదలు.

భుజం మీదనుంచి తొంగిచూసిన దాలయ్య, "నిన్న ఆదివారం కదండీ" అన్నాడు.

"అవును" అన్నాడు రాఘవులు సిరా ఆరేలా ఊదుతూ. "మనం ఆదివారాలు కూడా పనిచేస్తున్నామని తెలిస్తే కొత్త కమిషనర్ గారు సంతోషిస్తారు."